పుస్తకమును చేసిన చేతులు

మన యింటనున్న బొమ్మల పుస్తకము నొకదానిని తీసి మొదటిపుట చూచినచో గ్రంథకర్త పేరు పెద్ద యక్షరములతో కానవచ్చును. దాని క్రింద ప్రకాశకుని పేరును, ముద్రణాలయము పేరును, వెలయు నుండును. బొమ్మ వ్రాసినవాని పేరు ఒక మూల నుండిన నుండవచ్చును, లేకున్న లేకపోవచ్చును. ఆ బొమ్మను పలకపై చెక్కిన దెవరు, రంగు లద్దిన దెవరు, కాగితము చేసిన దెవరు, పుటలు కుట్టిన దెవరు అను ప్రశ్నలు మనకు తోచనే తోచవు. కడుపార భుజించి, వండి వడ్డించిన యిల్లాలిని తలంపకయే చేయి కడుగుకొను నలవాటు మన కెట్లున్నదో, పుస్తకముల విషయమునను అట్టి యలవాటే యున్నది.

గడచిన నూఱేండ్లలో ఆసియా ఖండమున పలుచోట్ల, ప్రభుత్వముల ప్రాపుగాని గొప్ప ముద్రణసంస్థల ధనముగాని లేకయే, తమ ప్రాంతపు చేతిపనివారి విద్యనే మూలధనముగా గొని చిత్రగ్రంథములను వెలువరించిన కొందఱు కలరు. వారి చరిత్ర అందమైన పుస్తకముల చరిత్ర మాత్రమే కాదు. పనివాని పేరు పుస్తకముపై నుండవలయునా, అక్కఱలేదా యను ప్రశ్న వారియెదుట నిలిచినది. చీనాలో నొకరీతిని, జపానులో మఱొకరీతిని, మన దేశమున వేఱొకరీతిని దానికి సమాధానము దొరకినది. ఆ మూడు సమాధానములను వరుసగా పరిశీలించుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

చిత్రమును కొయ్యపలకపై చెక్కి కాగితముపై నద్దు విద్య చీనాలో వేయియేండ్లకు మించిన ప్రాచీనత గలది. 17వ శతాబ్దమున నాంకింగు నగరమున హూ జెంగ్‌యాన్ అను కళాభిజ్ఞుడు ఆ విద్యను పరాకాష్ఠకు గొనిపోయెను. ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క పలకను వేఱుగా చెక్కించి, వానిని ఒకే కాగితముపై ఒకదానివెంట నొకటి గుఱి తప్పకుండ నద్దించి, కుంచెతో వ్రాసినట్లే తోచు చిత్రములను ఆయన తీయించెను. 1644లో వెలువడిన ‘పది వెదుళ్ల మందిరపు లేఖాపత్రములు’ అను సంపుటి యిందుకు ప్రసిద్ధమైన దృష్టాంతము. లేఖాపత్రమనగా జాబు వ్రాసికొనుటకై లేతరంగులలో చిన్నచిత్రము నద్దిన కాగితము. 19వ శతాబ్దమున రాతియచ్చును, పిమ్మట యంత్రముద్రణమును వచ్చి గ్రంథములనుండి కొయ్యపలకను త్రోసివేసెను. ఆ విద్య పెకింగులోని ల్యూలీచాంగ్ వీధియందలి కాగితపు దుకాణములలో, లేఖాపత్రముల రూపమున, ఏదో విధమున బ్రతికియుండెను. కుంచెను విడిచి కలము పట్టువారు పెరిగినకొలది ఆ దుకాణములకును గిరాకి తగ్గుచు వచ్చెను.

1933వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో షాంఘైనుండి రచయిత లూషున్, పెకింగులోనున్న తన మిత్రుడు జెంగ్ జెన్‌దువోకు ఒక జాబు వ్రాసెను. ఈ లేఖాపత్రములలో మేలైనవానిని యేరి గ్రంథముగా కూర్చకున్నచో ఈ విద్య మన కన్నులయెదుటనే యంతరించునని దాని సారాంశము. జెంగ్ ఆ వీధిలోని దుకాణములను పలుమాఱులు తిరిగి నమూనాలను కొని పంపెను. లూషున్ వానిలోనుండి యేరెను. పెట్టుబడికి వారు తమ ధనమునే వెచ్చించిరి. దుకాణములలో నిలువయున్న పలకలనుండియే, ఆ పనివారిచేతనే, తిరిగి అచ్చొత్తించిరి. ఆ యేటి డిసెంబరున 300కు పైగా చిత్రములతో 6 సంపుటములుగా ‘బేపింగు లేఖాపత్రములు’ వెలువడెను. పెకింగునకు నాడు బేపింగు అని పేరు. అచ్చువేసినవి 100 ప్రతులు. మఱుసటియేట మఱియొక 100 వేయవలసివచ్చెను.

ఆ గ్రంథమున మనము ముఖ్యముగా గమనింపవలసినది దాని విషయసూచిక. అందు చిత్రకారుని పేరుతోపాటు పలకను చెక్కినవాని పేరును చేర్పవలయునని వారు నిశ్చయించిరి. అది తేలికపని కాలేదు. దుకాణముపై యజమాని పేరున్నది, చిత్రముపై చిత్రకారుని ముద్రయున్నది, కాని చెక్కినవాని పేరు ఎందును వ్రాసిలేదు. జెంగ్ దుకాణము దుకాణమునకు పోయి యడిగి తెలిసికొనవలసివచ్చెను. కొందఱకు అసలుపేరే మఱుగున పడి, ‘పలక యాంగు’ అనునట్టి మాఱుపేళ్లు మాత్రమే మిగిలియుండెను. ఇంత శ్రమ దేనికనగా, జెంగ్ దానికి తగిన కారణమును చెప్పియున్నాడు. చిత్రకారుడు తన యిచ్చవచ్చినట్లు రంగులు కలుపును. ఆ కలిసిన రంగులను కంటితోనే విడదీసి, ఏ రంగు ఏ పలకకు పోవలయునో నిర్ణయించి, నాలుగైదు మొదలు పది యిరువది వఱకు పలకలు చెక్కవలసినవాడు ఈ పనివాడు. ఆ విభజన తప్పినచో చిత్రమునకు ప్రాణము పోవును. కావున అతడు చిత్రమునకు సేవకుడు కాడు, దాని కర్తలలో నొకడు. ‘పలక యాంగు’ అను మాఱుపేరును గ్రంథమున చేర్చుట దయాధర్మము కాదు. ఉన్న సత్యమును ఉన్నట్లు చెప్పుట.

అయినను ఆ గ్రంథము ధనవంతుల బల్లలపైకే చేరెనని ఒప్పుకొనవలయును. 200 ప్రతులు ఎందఱి యిండ్లకు పోగలవు? ఈ లోపము లూషున్ ఎఱుగనిది కాదు. అంతకు రెండేండ్లకు పూర్వమే, 1931 ఆగస్టున, ఆయన షాంఘైలో 13మంది యువకులను చేర్చి ఆరు దినములు కొయ్యచెక్కడపు తరగతి నడపించెను. బోధించినవాడు జపానుదేశీయుడగు ఉచియామా కాకిచి. ప్రక్కన నిలిచి చీనాభాషలో తెలియజెప్పినవాడు లూషునే. చిత్రకారుడొకడు, చెక్కువాడొకడు, అద్దువాడొకడు అను భేదమునే తొలగించి, తానే గీసి, తానే చెక్కి, తానే యచ్చొత్తుకొను విద్య అది. ఒక కత్తియు, ఒక పలకయు, కొంత సిరాయు నున్న చాలును. ఆ తరువాతి సంవత్సరములలో చీనాలోని యువచిత్రకారులు కఱవును, యుద్ధమును, కూలివాని బ్రతుకును చిత్రించి ప్రచురించినది ఈ సాధనముతోడనే. ‘పది వెదుళ్ల మందిరపు’ సంపుటిని మరల ముద్రించుటయు లూషున్, జెంగ్‌లు తలపెట్టిరి. 1936 అక్టోబరున లూషున్ మరణించెను. ఆ పని ముగియుసరికి 1941 అయ్యెను.

షాంఘై తరగతికి ఉపాధ్యాయుడు జపానునుండి వచ్చెనని చెప్పితిమి. ఆ దేశమున ఆ యేడే, అనగా 1931 జనవరిలో, యనాగి సోయెత్సు అను తత్త్వవేత్త ‘కోగేయి’ అను పత్రికను ప్రారంభించెను. కోగేయి యనగా చేతిపనికళ. 1951 వఱకు 120 సంచికలు వెలువడిన ఈ పత్రికవంటిది మఱియొకటి అరుదు. దాని కాగితము చేతితో చేసినది. మొదటి యేటి సంచికల యట్టలకు సెరిజావ కెయిసుకె అను కళాకారుడు కాగితపు చెక్కడముతో అద్దకము చేసిన వస్త్రమును తొడిగెను. కొన్ని సంచికలలో బట్టను గూర్చి వ్రాసినచోట బట్టతునుకనే అంటించిరి. పల్లెటూరి కుమ్మరి, సాలె, కాగితపు పనివాడు, వీరి పనియే ఆ పత్రికకు విషయము. వీరి పనియే దాని శరీరము.

యనాగి సిద్ధాంతము మాత్రము జెంగ్ చేసిన పనికి వ్యతిరేకమైనది. ఆయన 1916 మొదలు కొరియాకు పోయివచ్చుచు, అచ్చటి పాతకుండల సౌందర్యమునకు ముగ్ధుడయ్యెను. దినమునకు నూఱు పాత్రలు చేయు కుమ్మరికి ‘నేను’ అను భావము నశించును. ఆ నిరహంకారమునుండియే సౌందర్యము పుట్టును. కావున పేరులేమియే పనివాని గొప్పతనము, సంతకము అహంకారమునకు గుఱుతు — ఇది యాయన వాదము. నిష్కామకర్మను గూర్చి వినుచు పెరిగిన మన చెవులకు ఇది మధురముగానే యుండును. ఆయన హృదయమున కల్మషము లేదు. జపాను ప్రభుత్వము సియోలులోని ప్రాచీనద్వారమును కూల్పబూనినపుడు 1922లో బహిరంగముగా వ్యతిరేకించినవాడాయన. 1924లో ఆ నగరముననే కొరియా జానపదకళకు మ్యూజియమును నెలకొల్పినవాడు నాయనయే.

కాని పరిణామము నాలోచింపుడు. పేరులేమిని కొనియాడిన యనాగి పేరు లోకమంతట ప్రసిద్ధమయ్యెను. ఆయన మిత్రుడగు హమదా షోజి తన కుండలపై ముద్ర వేయుట మానెను. అయినను 1955లో ప్రభుత్వము ఆయనను దేశమునకు సజీవనిధిగా ప్రకటించెను. మఱుసటియేట సెరిజావకును ఆ గౌరవము లభించెను. ఎవరి కుండలను చూచి ఈ సిద్ధాంతము పుట్టెనో ఆ కొరియా కుమ్మరుల పేళ్లు నేటికిని మన కెఱుకలేదు. పేరు గలవాడు దానిని త్యజించుట వైరాగ్యము. పేరు లేనివానికి అట్టి వైరాగ్యమును బోధించుట మాత్రము న్యాయము కాదు. ఉన్నవాడు ఉపవాసముండుటయు, లేనివాడు పస్తుండుటయు ఒకటి యగునా?

ఈ రెండు సమాధానములను మనసున నుంచుకొని మన దేశమునకు వత్తము. 1994లో చెన్నపట్టణమున గీతా వోల్ఫ్ ‘తారా బుక్స్’ అను చిన్న ప్రచురణసంస్థను స్థాపించెను. రచయితలును, చిత్రకారులును, గ్రంథరూపశిల్పులును కలిసి పనిచేయు సమాజమిది. వారి తొలి పుస్తకములలో ఆకలిగొన్న సింహముయొక్క కథ యొకటి. చేతికాగితముపై, ఒక్కొక్క రంగును ఒక్కొక్క తెరనుండి చేతితో వత్తి, స్క్రీను ప్రింటింగు పద్ధతిని అచ్చువేసిన నమూనాను జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు పుస్తకప్రదర్శనకు గొనిపోగా, కెనడా ప్రచురణకర్త యొకరు 8,000 ప్రతులు కావలెననిరి. మన ఊళ్లలో శుభలేఖల నచ్చువేయు పద్ధతిలో ఇన్ని వేల పుస్తకములు చేయుట సాధ్యమా? ఆరుముగం అను ముద్రాపకుడు కొందఱు యువకులను చేర్చి, నెలల తరబడి శ్రమించి దానిని సాధించెను. ఆ పనినుండి పుట్టిన ముద్రణశాలయే తరువాత తారావారి చేతిపుస్తకముల కన్నింటికిని నిలయమయ్యెను.

ఆ సింహపు బొమ్మలు మహారాష్ట్రములోని వార్లీల గోడచిత్రముల ఫక్కిలో నున్నవి. వానిని గీసినవాడు మాత్రము వార్లీ కాడు. నగరమున కళాశాలలో చదివిన చిత్రకారుడు. పుస్తకము ముచ్చటైనదే. కాని ఒక సమాజముయొక్క రీతిని తీసికొని ఆ సమాజపు మనుష్యులను వెలుపల నుంచుట తగునా యను ప్రశ్న యిందు దాగియున్నది. తారావారి తరువాతి చరిత్రయంతయు ఈ ప్రశ్నకు క్రమముగా చెప్పిన సమాధానమని నా యభిప్రాయము.

మధ్యప్రదేశములోని పాటన్‌గఢ్ గ్రామము ప్రధాను గోండుల నివాసము. ప్రధానులనగా గోండుల వంశావళిని, దేవతల కథలను వాద్యముపై గానము చేయు వంశపారంపర్య గాయకులు. మన ఆదిలాబాదు మండలమునను వీరు కలరు. కిక్రి వాయించుచు గాథలు పాడుదురు. పోషించు దాతలు తగ్గినకొలది పాట సన్నగిల్లెను. ఆ గ్రామపు యువకుడు జన్‌గఢ్ సింగ్ శ్యాం గోడపై వ్రాసిన చిత్రములు భోపాలులోని భారత్ భవన్‌ను నిర్మించుచున్న కళాకారుల కంటబడెను. 1982లో ప్రారంభమైన ఆ సంస్థ ఆతనికి కాగితమును, రంగులను, పేరును ఇచ్చెను. పాట చిత్రమై మరల ప్రాణము పోసికొనెను. ఆతని బంధువులు పెక్కుమంది ఆతని యింట ఆ విద్య నేర్చిరి. కాని 2001 జూలైలో, జపానుదేశమున ఒక మ్యూజియమునకు చిత్రములు వ్రాయబోయిన జన్‌గఢ్, ఇల్లు చేరకయే అచ్చటనే తన ప్రాణము తాను తీసికొనెను. పేరు వచ్చినంతమాత్రమున పనివాడు క్షేమముగా నుండునని నమ్మువారికి ఈ మరణము గుణపాఠము. పేరువెంట మాటయు, తన పనిపై తనకు హక్కును, తనవారి తోడును కూడ నుండవలయును.

జన్‌గఢ్ మేనల్లుని వరుసవాడగు భజ్జూ శ్యాం, పదునాఱేండ్ల ప్రాయమున భోపాలు చేరి, రాత్రికావలి వంటి పనులు చేసి పొట్టపోసికొని, పిమ్మట ఆతనియొద్దనే కుంచె పట్టినవాడు. 2002లో ఒక భోజనశాల గోడలు చిత్రించుటకై లండను పోయి రెండు నెలలుండెను. తిరిగివచ్చిన పిమ్మట తారావారు ఆతని మాటలను వ్రాసికొని, ఆతని బొమ్మలతో 2004లో ‘లండన్ జంగిల్ బుక్’ వెలువరించిరి. అందు గడియారపు గోపురము కోడిపుంజయినది. ఏలయన, ప్రొద్దు తెలుపుటకు గోండులకు కోడియే గడియారము. భూమిక్రింద పోవు రైలు వానపాము. గోడపై బొమ్మలు వేయుటకు పిలిచినవారి నగరమునే ఆతడు తన యడవికన్నులతో చూచి, తన భాషలో దానికి వ్యాఖ్యానము చేసెను. ఇచ్చట చిత్రకారుడు ఒకరి కథకు బొమ్మలు వేసిన కూలివాడు కాడు, గ్రంథకర్తయే. 2018లో ఆతనికి పద్మశ్రీ లభించెను.

2006లో వెలువడిన ‘నైట్ లైఫ్ ఆఫ్ ట్రీస్’ అను గ్రంథము ఈ మార్గమున మఱింత ముందునకు పోయినది. నల్లని చేతికాగితముపై, రాత్రివేళ చెట్లు దాల్చు రూపములను భజ్జూ శ్యాం, దుర్గాబాయి, రాంసింగ్ ఉర్వేతి యను మువ్వురు చిత్రించిరి. గోండు చిత్రకారులు బొమ్మ లోపలిభాగమును చుక్కలతోను గీతలతోను నింపుదురు. ఆ నింపుడులో ఒక్కొక్కరిది ఒక్కొక్క తీరు. ఎఱిగినవారికి అదియే సంతకము. ఆ గీతలను రంగు రంగునకు వేఱుచేసి, పుట యారిన పిదప మరల వత్తు ముద్రణశాలవారి పని, ల్యూలీచాంగ్ పలకపనివారి పనికి తోబుట్టువు. గ్రంథమున వారి ముద్రణశాల పేరును, ప్రతియొక్క సంఖ్యయు నుండును. ఇటలీలోని బొలోనా బాలసాహిత్య ప్రదర్శన యందు 2008లో ఈ గ్రంథమునకు బహుమానము వచ్చెను.

దుర్గాబాయిని గూర్చి గృహిణులగు చదువరులు ప్రత్యేకముగా తెలిసికొనదగును. ఆమె బడికి పోలేదు. ఆఱేండ్ల వయస్సున మామ్మయొద్ద ‘డిగ్నా’ యను గోడముగ్గు నేర్చెను. పండుగలకు ఇంటిగోడలను, నేలను అలంకరించు స్త్రీల విద్య యది. బేగం రొకేయా 1905లో రచించిన ‘సుల్తానా స్వప్నము’నకు ఆమె బొమ్మలు వ్రాయగా 2005లో తారావారు ప్రకటించిరి. పురుషులు ఘోషాలోను, స్త్రీలు రాజ్యపాలనమునందును ఉండు దేశమును గూర్చిన ఆ కథ మొట్టమొదట చెన్నపట్టణపు ‘ఇండియన్ లేడీస్ మ్యాగజైన్’లో వెలువడెను. దాని సంపాదకురాలు మన రాజమహేంద్రవరమున జన్మించిన కమలా సత్యనాథన్. నూఱేండ్ల యెడముతో ఒక విద్యావతి వ్రాసిన స్వప్నమునకు అక్షరమెఱుగని స్త్రీ ముగ్గు రూపమిచ్చెను; ఇరువురి పేళ్లును ఒకే గ్రంథముపై నిలిచెను.

2011లో ఢిల్లీలోని నవయాన సంస్థ ‘భీమాయన’ ప్రచురించెను. అంబేద్కరు జీవితమును తెలుపు ఈ చిత్రగ్రంథమునకు శ్రీవిద్యా నటరాజన్, ఎస్. ఆనంద్ కథ కూర్చగా దుర్గాబాయి వ్యాం, సుభాష్ వ్యాం దంపతులు చిత్రించిరి. బొమ్మలకథలలో వాడుకగా నుండు గళ్లను వారు అంగీకరింపలేదు. మనుష్యులను పెట్టెలలో బంధింప మనసొప్పలేదు వారికి. ఎల్లలకు మాఱుగా డిగ్నా చుట్లనే వాడిరి. మృదువైన మాట పక్షి యాకారపు గుల్లలోను, అంటరానితనపు విషము గ్రక్కు మాట తేలుకొండి గల గుల్లలోను ఉండును. బాలుడగు భీమునికి నీరు నిరాకరింపబడిన కథను, 1927 నాటి మహద్ చెఱువు సత్యాగ్రహమును చెప్పుటకు ఇంతకంటె తగిన చేతులెవ్వి? ఇచ్చట పేరు మాత్రమే కాదు, గ్రంథము ఎట్లుండవలెనను నిర్ణయమునందును పనివారికి భాగము లభించెను.

ఈ చరిత్రనుండి మనము గ్రహింపదగిన దేమి? పనివాని పేరును వెదకి వ్రాయుట మొదటిమెట్టు. జెంగ్ దానిని చూపెను. పనివాని విద్యను పూజించి పేరును మఱచుట ఎంత సులభమో యనాగి వృత్తాంతము చూపుచున్నది. పేరిచ్చి, మాటనిచ్చి, నిర్ణయమున పాలునిచ్చినచో ఎట్టి గ్రంథములు పుట్టునో ప్రధాను చిత్రకారులు చూపిరి.

మన తెలుగునాట ఈ విద్యలకు కొఱతలేదు. శ్రీకాళహస్తి కలంకారీ తెరలపై రామాయణఘట్టములను చిత్రించి, వాని ప్రక్కనే తెలుగు లిపిలో కథను వ్రాయుదురు. అది గుడ్డపై వ్రాసిన చిత్రగ్రంథము గాక మఱేమి? చేర్యాల నకాషీలు వ్రాసిన పొడవైన పటమును మెల్లగా విప్పుచు కులపురాణము చెప్పు కథకునిచేత నున్నది పుట వెంట పుట త్రిప్పు పుస్తకమే. 1957లో శ్రీకాళహస్తిలో ప్రభుత్వ శిక్షణకేంద్రము వెలసెను. 2008లో జొన్నలగడ్డ గురప్ప చెట్టికి పద్మశ్రీ వచ్చెను. ఇది సంతోషకరమే. కాని ఆ బొమ్మ చీరయంచుపై, చేతిసంచిపై, గోడపటముపై వచ్చినపుడు వ్రాసినవారి పేరును మన మడుగుచున్నామా? మన పిల్లల పుస్తకములలో ఆ చేతులు గ్రంథకర్తలుగా ఎన్నిచోట్ల కానవచ్చుచున్నవి?

ఇందుకు గొప్ప ధనము అక్కఱలేదు. ఊరిలోని గ్రంథాలయ సంఘమో, ఒక పాఠశాలయో, పదిమంది స్త్రీల సమాజమో పూనుకొనవచ్చును. తమ యూరి చిత్రకారునితో కూర్చుండి, ఆతడు చెప్పిన కథను ఆతని మాటలలోనే వ్రాసికొని, ఆతని బొమ్మలతో నూఱు ప్రతులు వేయవచ్చును. నూఱు ప్రతులతోనే పెకింగులో ఒక విద్య పేరు దక్కించుకొన్నది. అంతకంటె ముందు, ఈ సాయంకాలము మన బిడ్డ బొమ్మల పుస్తకము తెఱచినపుడు, దీనిని చేసిన దెవరని యడుగుట నేర్పుదము. ఆ ప్రశ్న యలవడిన బిడ్డ, భోజనమైన పిమ్మట వండిన తల్లివంకకును ఒకమాఱు చూడకుండునా?